మైనస్ రెండు నిమిషాలు

నిచ్చెన అన్నది ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. కన్నవాళ్లెవరూ అంత కక్షగా పేరు పెట్టరు. బాబాయి నడిపే చిన్న నెట్‌వర్క్ సంస్థలో ఆరేళ్లుగా ఆమె పని ఆఫీసుల పైకప్పుల్లోకి తల దూర్చి తీగలు లాగడం. ఎక్కడికి వెళ్లినా ముందు నిచ్చెన కనిపించేది, ఆ వెనక ఆమె కనిపించేది. అందుకని చూసినవాళ్లు నిచ్చెన అని పిలవడం మొదలుపెట్టారు. మొదట్లో ఉడుక్కుంది. తర్వాత ఒకసారి పరధ్యానంలో పలికింది. పలికాక ఇంకేముంది, ఆ పేరు జిగురులా అంటుకుపోయింది.

సంస్థ అంటే ఒక గది, రెండు కుర్చీలు, ఒక గీత బల్ల. ఆ బల్ల బాబాయిది. ఏ పెట్టె ఎక్కడ ఉండాలో, ఏ తీగ ఎటు పోవాలో పెద్ద కాగితం మీద గీసేది ఆయన. గీసినదాన్ని లాగేది ఆమె. ఆయన గీసిన గీత ఒక్కోసారి నీళ్ల గొట్టంలోంచి పోయేది, ఒక్కోసారి లిఫ్టులోంచి పోయేది. పైన దుమ్ము మింగుతూ ఆమె దాన్ని పక్కకి తిప్పి లాగేది. కిందికి దిగగానే బాబాయి నడుం మీద చేతులు పెట్టుకుని, "చూశావా, నేను గీసినట్టే వచ్చింది!" అని మురిసిపోయేవాడు. ఆమె చెవుల్లోంచి దుమ్ము దులుపుకునేది. ఆరేళ్లలో కనీసం నూటయాభై సార్లు ఆ మాట వింది. విన్న ప్రతిసారీ ఒళ్లు మండేది.

ఒకరోజు ఇక ఆగలేక అడిగేసింది. "బాబాయ్, ఒక్కటంటే ఒక్కటి నన్ను గీయనీ."

బాబాయి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "గీయడమంటే పెన్సిలు పట్టుకోవడం కాదే అమ్మడూ. ముందు వాళ్లకేం కావాలో అడగాలి. అడిగింది రాయాలి. రాసినదాని కింద వాళ్లందరి చేతా సంతకాలు పెట్టించుకోవాలి. లేకపోతే అంతా కట్టాక వచ్చి, మేం అడిగింది ఇది కాదంటారు. అడగందే అమ్మైనా పెట్టదంటారే, మన వృత్తి మొత్తం ఆ మాట మీదే నడుస్తోంది."

"అయితే అడిగొస్తా."

"సరే. దిండ్ల కంపెనీ వాళ్లు పిలిచారు. పాతది పీకేసి కొత్త నెట్‌వర్క్ వేయాలట. శుక్రవారం సాయంత్రం అయిదులోగా అక్కడి పెద్దలందరి సంతకాలతో ఒక్క కాగితం పట్రా. తెచ్చావా, గీత బల్ల నీది, నిచ్చెన నాది. తేలేదా, నిచ్చెన నీదే. మళ్లీ ఈ ఊసెత్తకూడదు."

దిండ్ల కంపెనీ నాలుగంతస్తుల భవనం. వెనక గోదాములు, ముందు లారీలు వచ్చిపోయే గేటు. లోపల గాలిలో ఎప్పుడూ సన్నగా దూది తేలుతూ ఉంటుంది. ప్రతి కుర్చీలో ఒక దిండు, ప్రతి వీపు వెనక ఇంకో దిండు. అంత మెత్తటి చోట పనిచేసే మనుషులు కూడా మెత్తగా ఉంటారనుకుంది నిచ్చెన. పాపం, అదే మొదటి పొరపాటు.

పాత నెట్‌వర్క్ పెట్టె కింది అంతస్తు సామాన్ల గదిలో, కుట్లు ఊడిన దిండ్ల గుట్ట మీద కూర్చుని ఉంది. దాని ముందు ఒక టేబుల్ ఫ్యాను. ఫ్యాను ఆగిపోయినప్పుడల్లా పెట్టె వేడెక్కుతుంది, వేడెక్కితే ఆగిపోతుంది, చల్లబడ్డాక తీరిగ్గా లేస్తుంది. ఆ భవనంలో అందరికంటే ఎక్కువ నిద్ర దానిదే అనుకుంది ఆమె. అదీ పొరపాటేనని తర్వాత తెలిసింది.

ఆమె ఎనిమిది ప్రశ్నల కాగితం తయారుచేసుకొచ్చింది. మీ విభాగంలో ఎంతమంది, ఎన్ని సాకెట్లు కావాలి, ఇలాంటివి. అన్నింట్లోకీ ముఖ్యమైనది ఏడోది: "నెట్‌వర్క్ ఆగిపోతే మీరు ఎన్ని నిమిషాలు ఓర్చుకోగలరు?" ఓర్చుకోలేనివాళ్లకి రెండు దారుల్లో తీగ వేయాలి, ఒకటి తెగితే రెండోది పనిచేయాలి. ఓర్చుకోగలిగేవాళ్లకి ఒకటి చాలు. నిజం తెలిస్తే గీయడం తేలిక.

అయితే ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ కాగితమైనా సరే ఒకే ఒక ఎర్ర ఫైల్లో పెట్టి ఒక పెద్ద దగ్గర్నుంచి ఇంకో పెద్ద దగ్గరికి తిప్పుతారు. ముందువాళ్లు రాసింది చదవకుండా వెనకవాళ్లు రాయరు. సెలవు చీటీ దగ్గర్నుంచి గోడ సున్నం దాకా అక్కడ అన్నీ అలాగే జరుగుతాయి. ఆమె కాగితాలూ సోమవారం పొద్దున ఎర్ర ఫైల్లో ఎక్కి ఊరేగింపు బయల్దేరాయి.

ముందు అకౌంట్స్ పెద్దాయన దగ్గరికి వెళ్లింది ఫైలు. ఆయన నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి ముప్పై నిమిషాలు అని రాశాడు. తర్వాత సేల్స్ మేనేజరు అది చదివాడు. అకౌంట్స్ వాళ్లకి ముప్పై అయితే, కంపెనీని భుజాన మోసే సేల్స్‌కి ముప్పయ్యా? ఇరవై అని రాశాడు. ఈ సంగతి అకౌంట్స్ పెద్దాయన చెవిన పడింది. ఫైలు వెనక్కి తెప్పించుకుని ముప్పై కొట్టేసి పదిహేను వేశాడు. సేల్స్ ఆయన పది చేశాడు. క్వాలిటీ మేడమ్ మధ్యలో దూరి, "అసలు ఆగకూడదు. ఆగుతుందన్న ఆలోచన కూడా రాకూడదు" అని రాసింది. అది చూసిన సేల్స్ ఆయన తన పది కొట్టేసి "రెప్పపాటు" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

సాకెట్లదీ అదే వరస. ఆరుగురున్న క్వాలిటీ విభాగం తొంభై అడిగింది. బుధవారం పొద్దున ఫైలు తిరిగొచ్చేసరికి, నూటపన్నెండు మంది పనిచేసే కంపెనీకి మూడువేల తొమ్మిదివందల సాకెట్లు తేలాయి.

"మనిషికి ముప్పై అయిదు," అన్నాడు బాబాయి లెక్కేసి. "చేతులవీ కాళ్లవీ కలిపినా మనిషికి అన్ని వేళ్లు లేవు కదే."

ఫైలు అట్టడుగున ఇంకో కాగితం దొరికింది. పేరు లేదు, విభాగం లేదు, సంతకం లేదు. ఏడో ప్రశ్న ఎదురుగా మాత్రం పెన్సిలుతో వంకరగా రెండు అంకె, దాని ముందు చిన్న అడ్డగీత. మైనస్ రెండు.

"మైనస్ రెండు నిమిషాలా!" బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంటే పోకముందే తిరిగి రావాలన్నమాట. ఎవడో మహానుభావుడు!" నిచ్చెనకీ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వొచ్చింది. ఎవరో ఆటపట్టించడానికి రాశారనుకుని, ఆ కాగితం మీద టీ గ్లాసు పెట్టుకుంది.

నవ్వు అయిపోయాక అసలు గుబులు పట్టుకుంది. ఈ అంకెలతో గీస్తే భవనంలో మనుషులు పట్టరు, తీగలే పడతాయి. తగ్గిస్తే సంతకాలు రావు. అయినా తగ్గమని అడగడానికి మళ్లీ బయల్దేరింది.

"నన్ను తగ్గమంటారేంటమ్మా?" అన్నాడు రెండో అంతస్తులో సేల్స్ మేనేజరు. "ముందు పైన ఆయన్ని తగ్గమనండి. ఆయన తగ్గిన మరుక్షణం నేను తగ్గుతా."

"ఆయన తగ్గాక చూద్దాం," అన్నాడు మూడో అంతస్తులో అకౌంట్స్ పెద్దాయన. "ఇప్పటికి ఇరవై రెండేళ్లయింది నేనీ కంపెనీలో చేరి. ఆయన నిన్నగాక మొన్న వచ్చాడు."

క్వాలిటీ మేడమ్ గదిలో వరసగా ఆరు మంచాలున్నాయి. మూడో మంచం మీద ఆవిడ కళ్లు మూసుకుని పడుకుని ఉంది. నిచ్చెన గుమ్మంలోనే ఆగిపోయింది.

"రా అమ్మా, నేను నిద్రపోవట్లేదు, దిండు పరీక్షిస్తున్నా, పనిలో ఉన్నా," అంది ఆవిడ కళ్లు తెరవకుండానే. "చెప్పు, వింటున్నా." నిచ్చెన చెప్పింది. ఆవిడ సమాధానంగా చిన్న గురక పెట్టింది.

ఆ రోజు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆమె పదకొండు సార్లు తిరిగింది. చివరికి కాళ్లు పీకి మెట్ల మీద కూలబడింది. ఏడుపొచ్చినంత పనైంది. ఆరేళ్లు పైకప్పుల్లో బతికి, కిందికి దిగిన వారానికే మళ్లీ పైకెక్కాలా? ఎదురుగా ఉన్న గోడని ఊరికే వేళ్లతో తట్టింది. తట్టగానే లోపల గొట్టం ఎక్కడుందో తెలిసిపోయింది. అలవాటు మరి. అప్పుడు ఆమెకు తట్టింది: ఇన్నేళ్లలో నీ లోపల గొట్టం ఉందా అని తను ఏ గోడనీ అడగలేదు. కొట్టి చూసింది, అంతే.

గురువారం పొద్దున్నే కంపెనీ యజమాని గదికి వెళ్లింది. అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు. "సార్, పదింటికి ఆ పాత పెట్టె ప్లగ్గు పీకేస్తాను. ఎవరికీ చెప్పను. గంటసేపు గడియారం పట్టుకుని చూస్తాను. ఎవరు ఎన్ని నిమిషాలకి పరుగెత్తుకొస్తే అదే వాళ్ల నిజమైన అంకె."

పెద్దసారుకి ఈ తమాషా తెగ నచ్చింది. "పీకెయ్. నాకూ చూడాలనే ఉంది గానీ నేను పదింటికి బయల్దేరాలి. దాచడం ఎందుకు, రేపటికి నీ కాగితం రాకపోతే ఈ పని ఇంకో సంస్థకి ఇద్దామనుకుంటున్నా. వాళ్లతో మాట్లాడ్డానికే వెళ్తున్నా."

నిచ్చెన కిందికి పరుగెత్తింది. సరిగ్గా పదింటికి ప్లగ్గు పీకి, సామాన్ల గది గుమ్మంలో పుస్తకం పట్టుకుని కూర్చుంది.

అయిదు నిమిషాలైంది. ఎవరూ రాలేదు. పన్నెండో నిమిషంలో ఒక గుమాస్తా వచ్చాడు. ఆమె గబగబా పెన్ను తీసింది. "ఈ పెట్టె ఎలాగూ ఆగింది కదాండీ, ఫ్యాను ఓ అరగంట తీసుకెళ్తా," అని ఫ్యాను పట్టుకుపోయాడు.

పదిహేనో నిమిషంలో ఆమె తనే పైకి వెళ్లింది. అకౌంట్స్ పెద్దాయన పాత చిట్టా పుస్తకం బయటికి తీసి, కూనిరాగం తీస్తూ చేత్తో కూడికలు వేసుకుంటున్నాడు. అంత సంతోషంగా ఆయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. రెప్పపాటు కూడా ఓర్చుకోలేని సేల్స్ మేనేజరు కొత్త నమూనా దిండు మీద చెంప ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ రెప్పలు పడి ఎంతసేపైందో దేవుడికే తెలియాలి. క్వాలిటీ మేడమ్ అయిదో మంచం మీదికి మారింది. ఆవిడది మాత్రం పనే.

నిచ్చెన ఆనందానికి హద్దుల్లేవు. పుస్తకం నిండా రాసేసుకుంది. గంట ఆగినా ఈ మహానుభావులకి చీమ కుట్టినట్టైనా ఉండదు! ఇక గీత బల్ల తనదే అనుకుంటూ మెట్లు దిగుతుంటే హారన్ మోత వినిపించింది. నిజానికి అది పది దాటిన దగ్గర్నుంచీ వినిపిస్తూనే ఉంది. వీధిలో ఎవరో మోగిస్తున్నారనుకుందే తప్ప పట్టించుకోలేదు. ఇప్పుడు అది ఒక హారన్ కాదు, ఓ డజను.

గేటు దగ్గరికి పరుగెత్తింది. గేటుకి అడ్డంగా ఉండే పొడవాటి కర్ర కిందికి దిగి ఉంది. లోపల తొమ్మిది లారీలు, బయట నాలుగు. లోపలి వరసలో అన్నిటికంటే ముందు పెద్దసారు కారు. ఆయన కారు దిగి నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. గేటు కాపలా చూసే పెద్దావిడ, అందరూ గేటమ్మ అనే ఆవిడ, చేతిలో ఇటుక పట్టుకుని ఉంది.

"ఎవరు పీకారు?" అంది గేటమ్మ. "చెప్పాపెట్టకుండా ఎవరు పీకారు?"

ఆ ఇటుక చూసి నిచ్చెన రెండడుగులు వెనక్కి వేసింది. "నేనేనమ్మా. కానీ గేటుకీ దానికీ..."

"గేటు నడిచేదే దాంతో అమ్మాయ్! నా గదిలో బొత్తాం నొక్కితే ఆ పెట్టె దాకా వెళ్లొచ్చి ఈ కర్ర లేస్తుంది. పెట్టె పోయిందా, కర్ర దానంతటదే కింద పడుతుంది. కర్రని చేత్తో లేపడానికి తిప్పే తాళంచెవి నాలుగో అంతస్తు గదిలో ఉంది. ఆ గది తలుపు కార్డుతో తెరుచుకుంటుంది. ఆ కార్డూ ఈ పెట్టె మీదే నడుస్తుంది."

"మరి ఇన్నాళ్లూ పెట్టె వేడెక్కి ఆగినప్పుడల్లా ఏం చేసేవారు?"

"పోయేముందు నా గదిలో ఎర్ర దీపం టపటపా కొట్టుకుంటుంది. అది మొదలయ్యాక రెండు నిమిషాలుంటుంది నాకు. కర్ర పైకి లేపి, కింద పడకుండా ఈ ఇటుక పెట్టేస్తా. ఇక చీటీలు చూసి ఒక్కొక్క లారీని నేనే పంపుతా. తొమ్మిదేళ్లలో ఒక్క లారీ ఆగలేదు నా గేట్లో. ఇవాళ దీపం కొట్టుకోలేదు, గుటుక్కున పోయింది." గేటమ్మ ఇటుకని ఇంకో చేతిలోకి మార్చుకుంది. "కొత్తది వేస్తారంటే, ఇదొక్కటి మాత్రం ఉంచమని రాశాను కూడా. సాయంత్రం ఎర్ర ఫైలు నా గదిలోనే పెట్టి తాళం వేస్తారుగా. అందులో ఒక కాగితం ఖాళీగా కనిపించింది. నన్నెవరూ అడగలేదు, నేనే రాశా. పోయాక ఎన్ని నిమిషాలైనా నా తంటాలు నేను పడతా. పోకముందు మాత్రం రెండు నిమిషాలు కావాలి. ముందు కాబట్టి మైనస్ పెట్టా. తప్పా?"

నిచ్చెనకి నిన్నటి నవ్వు గుర్తొచ్చింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. కంపెనీ మొత్తం మీద నిజం రాసిన కాగితం అదొక్కటే, దాని మీద తను టీ తాగింది.

వెనక్కి పరుగెత్తి ప్లగ్గు పెట్టింది. పెట్టె తీరిగ్గా లేచేసరికి ఇంకో అయిదు నిమిషాలు. కర్ర లేచింది, లారీలు కదిలాయి. పెద్దసారు మాత్రం కదల్లేదు. ఆయన్ని కలవాల్సినవాళ్లు ఎదురుచూసి చూసి వెళ్లిపోయారట.

ఈలోగా హారన్ల మోతకి భవనమంతా మేలుకుంది. అందరికంటే ముందు సేల్స్ మేనేజరు రొప్పుతూ వచ్చాడు. చెంప మీద దిండు కుట్టు అచ్చు స్పష్టంగా ఉంది. "ఏమైంది సార్? నెట్‌వర్క్ పోయిందా? ఎప్పుడు?"

"నువ్వు రెప్పపాటు కూడా ఓర్చుకోలేవని రాశావుగా," అన్నాడు పెద్దసారు. ఆయన నిచ్చెన వైపు తిరిగాడు. "చదువమ్మా. ఎవరు ఎప్పుడొచ్చారో, ఎవరేం చేస్తున్నారో మొత్తం చదువు."

నిచ్చెన పుస్తకం తెరిచింది. సేల్స్ ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అకౌంట్స్ పెద్దాయన నేల చూపులు చూస్తున్నాడు. చదివితే వాళ్ల పరువు గేట్లోంచి లారీ ఎక్కి పోతుంది. ఆమె పుస్తకం మూసేసి సంచిలోంచి టీ మరక పడిన కాగితం తీసింది.

"ముందు నా తప్పు చెప్పాలి సార్. ఈవిడ రాసింది చదివి నేను నవ్వాను. టీ గ్లాసు కూడా పెట్టాను. క్షమించమ్మా."

గేటమ్మ కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పింది. "అంకె బానే కనిపిస్తోందిలే," అంది.

"మిగతావాళ్లందరికీ ఒకటే రాస్తాను సార్. సాకెట్లు మనిషికి రెండు. ఓర్చుకునేది గంట. ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు. రెండు దారుల తీగ, పోయేముందు రెండు నిమిషాల దీపం, గేటుకి మాత్రమే."

సేల్స్ మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. "గంటంటే అరవై నిమిషాలేగా? ఆయనకి కూడా?"

"ఆయనకి కూడా."

"అయితే పెన్నివ్వండి."

నిచ్చెన ఆ లెక్కలన్నీ కొత్త కాగితం మీద రాసి కారు బానెట్ మీద పరిచింది. అకౌంట్స్ పెద్దాయన తన అంకెనీ సేల్స్ ఆయన అంకెనీ సరిచూసుకుని మరీ సంతకం చేశాడు. క్వాలిటీ మేడమ్ ఆవులిస్తూ చేసింది. చివరి వరసలో "గేటు" అని ఉంది. దాని సంతకం పైవాళ్లెవరైనా పెడితే సరిపోతుందన్నారు ఎవరో.

"రాసినావిడే పెట్టాలి," అంది నిచ్చెన. ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది.

పెద్దసారు తల ఊపి తన పెన్ను గేటమ్మకి ఇచ్చాడు. ఆవిడ ఇటుక కింద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది. "పేరు కింద వీళ్లంతా ఏదో పెద్ద అని రాశారు. నేనేమని రాయను?"

"గేటుకి పెద్ద అని రాయమ్మా," అన్నాడు పెద్దసారు. "అరగంట నుంచి చూస్తున్నాగా."

ఆ సాయంత్రమే, గడువుకి ఒక రోజు ముందు, నిచ్చెన కాగితాన్ని గీత బల్ల మీద పెట్టింది. బాబాయి సంతకాలు లెక్కపెట్టాడు. ఒకటి ఎక్కువొచ్చింది. మళ్లీ లెక్కపెట్టాడు. చివరి వరస చదివాడు. ఆమె జరిగిందంతా చెప్పింది.

"మనం నవ్వాం కదే," అన్నాడు బాబాయి.

"నవ్వాం బాబాయ్."

ఆయన లేచి, కుర్చీ దులిపి, ఆమె ముందుకి జరిపాడు. ఆమె కూర్చుని కొత్త కాగితం పరిచింది. అన్నిటికంటే ముందు గేటు గది గీసింది. పెద్ద పెట్టెలూ అంతస్తులూ అన్నీ ఆ తర్వాతే వచ్చాయి.

పదిహేను రోజుల తర్వాత దిండ్ల కంపెనీ గేటు ముందు నిచ్చెన వేశారు. దాని మీద బాబాయి. మాట మాటే మరి. నడుం పట్టేసినా, "అయ్యో, అమ్మో" అనుకుంటూ గేటు గది పైకప్పులోకి తల దూర్చాడు. కింద ఆమె కాగితం పట్టుకుని నిలబడింది. గేటమ్మ ఇటుక పక్కన పెట్టుకుని చూస్తోంది.

"అమ్మడూ," పైనుంచి వినిపించింది, "ఇక్కడ గొట్టం అడ్డం రాలేదేంటి?"

"రాదు బాబాయ్. గోడలన్నీ తట్టి చూసే గీశాను."

"ఆ పైన నిచ్చెన మీదున్నాయన ఎవరమ్మా?" అంది గేటమ్మ.

"మా బాబాయండీ. కొత్తగా చేరాడు."

గంట తర్వాత బాబాయి దిగాడు. జుట్టంతా దూది, కళ్లజోడు మీద వేలెడు దుమ్ము. గేటమ్మ బొత్తాం నొక్కింది, కర్ర లేచింది. నిచ్చెన ఒక తీగ పీకింది, రెండో దారి అందుకుంది, కర్ర చెక్కుచెదరలేదు. రెండోది పీకబోయేముందు, ఆగబోతోందని గేటు గదికి చెప్పే మీట వేయగానే ఎర్ర దీపం టపటపా కొట్టుకుంది. గేటమ్మ గడియారం చూస్తూ, పెదాలతో లెక్కపెట్టుకుంటూ నిలబడింది. రెండు నిమిషాలు పూర్తయ్యాక ముఖమంతా నవ్వైంది.

బాబాయి చెవుల్లోంచి దుమ్ము దులుపుకుంటూ ఆ కర్రకేసి చూశాడు, కాగితం కేసి చూశాడు, ఆమెకేసి చూశాడు.

"నువ్వు గీసినట్టే వచ్చిందే," అన్నాడు.